హైకూలో కాన్ఫిగర్ ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం

పాత ఆపరేటింగ్ సిస్టమ్ బీఓఎస్‌కు వారసుడిగా 2001లో మొదలైన హైకూ, 2024 సెప్టెంబరులో ఆర్1 బీటా5 దాకా వచ్చింది. షెల్ బాష్, కంపైలర్ జీసీసీ, బిల్డ్ నడిపే మేక్ అన్నీ ఉన్నాయి. అయినా లినక్స్‌లో చకచకా బిల్డ్ అయిపోయే ప్రోగ్రాం ఇక్కడ కాన్ఫిగర్ (బిల్డ్‌కు ముందు సిస్టమ్‌ను పరిశీలించే స్క్రిప్టు) దగ్గరే మొండికేస్తుంది. చాలాసార్లు సీ కోడ్‌లో లోపమేమీ ఉండదు. స్క్రిప్టు "నీ పేరేంటి?" అని అడిగి, తెలియని పేరు వినగానే చేతులెత్తేస్తుంది. "నీకేం వచ్చు?" అని అడిగేలా దాన్ని మార్చడమే అసలు పని.

కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

సమస్య: "కెనాట్ గెస్ బిల్డ్ టైప్" అని మొదట్లోనే ఆగిపోతుంది

కారణం: ప్యాకేజీలో ఉన్న కాన్ఫిగ్.గెస్ ఫైలు పాతది. అది యూనేమ్ (సిస్టమ్ వివరాలు చెప్పే కమాండ్) ఇచ్చే జవాబును తన జాబితాతో పోల్చి చూస్తుంది. 32 బిట్ హైకూలో యూనేమ్ -ఎం కొడితే "బీపీసీ" అని వస్తుంది, 64 బిట్‌లో "ఎక్స్86_64" అని వస్తుంది. పాత ఫైళ్లలో మొదటిదానికి వరుస ఉండి, రెండోదానికి లేకపోవచ్చు. అందుకే ఒకే ప్యాకేజీ ఒక మెషీన్లో నడిచి ఇంకోదాంట్లో ఆగుతుంది.

పరిష్కారం: గ్నూ ప్రాజెక్టు విడుదల చేసే తాజా కాన్ఫిగ్.గెస్, కాన్ఫిగ్.సబ్ రెండూ తెచ్చి పాతవాటి స్థానంలో పెట్టండి. ఒకటే మారిస్తే చాలదు. ఈ ఫైళ్లను మీరే దిద్దకండి, తాజా కాపీలో హైకూ ఎప్పుడో చేరిపోయింది.

సమస్య: "చెకింగ్ ఫర్ స్క్వర్ట్ ఇన్ -ఎల్ఎం... నో"

స్క్వర్ట్ అంటే వర్గమూలం లెక్కించే ఫంక్షన్, -ఎల్ఎం అంటే లిబ్‌ఎం అనే గణిత లైబ్రరీని కలపమనడం. ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. ముందు కాన్ఫిగ్.లాగ్ తెరిచి ఆ "నో" పక్కన నిజంగా ఏం జరిగిందో చూడండి. కంపైలర్ సరిగానే పనిచేసి ఉంటుంది, "-ఎల్ఎం దొరకలేదు" అన్నది కోడ్‌ను లైబ్రరీలతో కలిపే లింకర్.

కారణం: హైకూలో విడిగా లిబ్‌ఎం లేదు. గణిత ఫంక్షన్లు, పీథ్రెడ్‌లు, డీఎల్‌ఓపెన్ అన్నీ లిబ్‌రూట్ అనే లైబ్రరీలోనే ఉంటాయి, అది అడగకుండానే లింక్ అవుతుంది. సాకెట్లు మాత్రం లిబ్‌నెట్‌వర్క్‌లో, కొన్ని బీఎస్‌డీ ఫంక్షన్లు లిబ్‌బీఎస్‌డీలో ఉంటాయి. ఫంక్షన్ ఉంది, స్క్రిప్టు వెతికే చోట లేదు, అంతే.

పరిష్కారం: కాన్ఫిగర్ స్క్రిప్టుకు మూలమైన కాన్ఫిగర్.ఏసీలో ఏసీ_చెక్_లిబ్ ఉన్నచోట ఏసీ_సెర్చ్_లిబ్స్ పెట్టండి. ఇది ముందు ఏ లైబ్రరీ లేకుండా ప్రయత్నిస్తుంది, కుదరకపోతేనే మీరిచ్చిన జాబితాలో వెతుకుతుంది. కనెక్ట్ ఫంక్షన్‌కు "సాకెట్ నెట్‌వర్క్" అని రెండు పేర్లిస్తే లినక్స్, సొలారిస్, హైకూ మూడింటికీ ఒకే వరుస సరిపోతుంది. "హైకూ అయితే ఇది చెయ్" అని కేస్ కొమ్మ రాయడం తేలికే కానీ, రేపు ఇంకో సిస్టమ్ వస్తే మళ్లీ అదే గొడవ. అలాంటి కొమ్మ వేరే దారి లేనప్పుడే రాయాలి. చివరగా మేక్‌ఫైల్.ఏఎంలో ఎవరైనా -ఎల్ఎం, -ఎల్‌పీథ్రెడ్ నేరుగా రాసేశారేమో గ్రెప్ కమాండ్‌తో వెతికి చూసి, ఉంటే తీసేయండి.

సమస్య: బిల్డ్ అవుతుంది, కానీ .ఎస్ఓ ఫైలు (షేర్డ్ లైబ్రరీ) రాదు

కారణం: కాన్ఫిగర్‌లో ఉన్న లిబ్‌టూల్ (లైబ్రరీలు తయారుచేసే సాధనం) పాతది. దానికి హైకూ తెలియక స్టాటిక్ లైబ్రరీతో సరిపెడుతుంది. కాన్ఫిగర్‌ను కొత్తగా తయారుచేసే ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ నడిపి, ఆ కాన్ఫిగర్‌ను మళ్లీ మొదటి నుంచి నడపండి. తయారైన లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయకుండా పరీక్షించాలంటే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ పనిచేయదు, ఇక్కడ ఆ వేరియబుల్ పేరు లైబ్రరీ_పాత్.

సమస్య: 32 బిట్‌లో మామూలు సీ99 (1999 నాటి సీ ప్రమాణం) కోడ్‌కే తప్పులు

బీఓఎస్ ప్రోగ్రాములు నడవాలని 32 బిట్ హైకూ ఇప్పటికీ జీసీసీ 2.95ను డిఫాల్ట్‌గా ఉంచింది. సెట్ఆర్క్ ఎక్స్86 కొట్టి, ఆ షెల్‌లో కాన్ఫిగర్ నడిపితే కొత్త జీసీసీ వస్తుంది. 64 బిట్‌లో ఈ బాధ లేదు.

సమస్య: మేక్ ఇన్‌స్టాల్ దగ్గర ఎర్రర్

కారణం: సిస్టమ్ ఫోల్డర్లలో ఎక్కువ భాగం ప్యాకేజీల నుంచి కనబడే రీడ్-ఓన్లీ దృశ్యం. అక్కడ ఫైలు రాయలేం. /యూఎస్ఆర్/లోకల్ అన్న అలవాటు కూడా ఇక్కడ చెల్లదు.

పరిష్కారం: ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా) /బూట్/హోమ్/కాన్ఫిగ్/నాన్-ప్యాకేజ్డ్ ఇవ్వండి. అది ఒక్కటే ఇస్తే హెడర్లు ఇన్‌క్లూడ్ అనే ఫోల్డర్లోకి వెళ్లిపోతాయి, కంపైలర్ అక్కడ వెతకదు. కాబట్టి ఇన్‌క్లూడ్‌డిర్‌ను దాని కింది డెవలప్/హెడర్స్‌కు చూపించండి.

ఇన్ని మార్పులూ మీ డిస్కులోనే ఉండిపోతే వచ్చే వెర్షన్‌కు మళ్లీ చేసుకోవాలి. ఏసీ_సెర్చ్_లిబ్స్ మార్పును విడి ప్యాచ్‌గా అసలు ప్రాజెక్టుకు పంపండి. ఏ సిస్టమ్ పేరూ లేని ప్యాచ్ కాబట్టి హైకూ ఎప్పుడూ చూడని నిర్వాహకుడికి కూడా దాన్ని తమ సిస్టమ్ మీదే పరీక్షించడం తేలిక. పాత్‌ల సంగతి మాత్రం హైకూ ప్యాకేజీలు తయారుచేసే హైకూపోర్ట్స్ రెసిపీలో పెట్టండి.