విదేశంలో సముద్రపు ఒడ్డు కాటేజీకి బయల్దేరే ముందు

స్నేహితులతో నాలుగు రోజులు టెన్షన్ లేకుండా గడపాలంటే కొన్ని పనులు ముందే చూసుకోవాలి.

☐ పాస్‌పోర్టులు: చాలా దేశాలు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. ఒక్కరిది సరిపోకపోయినా అందరి ప్రయాణమూ చెడుతుంది. బుకింగ్‌కు ముందే అందరివీ చూడండి.

☐ ప్రయాణ బీమా నీటి ఆటలకూ వర్తిస్తుందా?

☐ కాటేజీ: రాత్రి చేరితే తాళం ఎవరిస్తారో కనుక్కోండి. గ్యాస్ హీటర్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని తప్పకుండా అడగండి. ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీయగలదు.

☐ సముద్రం: నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే సన్నని పాయ చూసి అక్కడ దిగాలనిపిస్తుంది. చాలాసార్లు లోపలికి లాగే ప్రవాహం ఉండేది అక్కడే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. తేలుతూ చెయ్యెత్తి సాయం కోసం పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడండి. చాలా దేశాల్లో ఎరుపు-పసుపు జెండాల మధ్య లైఫ్‌గార్డులు కాపలా ఉంటారు, అక్కడే దిగండి. ఎర్ర జెండా ఉంటే దిగనే వద్దు. మద్యం తాగాక, ఒంటరిగా అసలే వద్దు. ఈ మాట గ్రూపులో అందరితో ముందే ఒప్పించండి.

☐ ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్. ప్రతి 2 గంటలకూ, నీళ్లలోంచి వచ్చాకా మళ్లీ రాయాలి.

☐ పవర్ బ్యాంకు చెక్-ఇన్ లగేజీలో కాదు, చేతి బ్యాగులో.

☐ ఆ దేశపు అత్యవసర నంబరు అందరి ఫోన్లలో. యూరోపియన్ యూనియన్‌లో అయితే 112.