కిటికీ అద్దాల చెమ్మను మూలంలోనే తగ్గించడం

బ్రిటన్‌లో చలికాలం వచ్చిందంటే చాలా ఇళ్లలో తెల్లవారేసరికి కిటికీ అద్దాల మీద నీళ్లు ధారలు కడతాయి. ఇవి బయటి నుంచి వచ్చినవి కావు. మన ఊపిరి, వంట, స్నానం, ఇంట్లో ఆరేసిన బట్టల వల్ల గాలిలో చేరిన ఆవిరి, గదిలో అన్నిటికంటే చల్లగా ఉండే అద్దాన్ని తాకి నీరవుతుంది. ఒక ఘనమీటరు గాలి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 17 గ్రాముల ఆవిరిని ఇముడ్చుకోగలదు. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడితే 9 గ్రాములకు కాస్త ఎక్కువ మాత్రమే నిలుపుకోగలదు. అందువల్ల ఉదయాన్నే అద్దాలు తుడవడం అవసరమే గాని, చెమ్మకు అసలు మందు ఆవిరిని తగ్గించడం, పుట్టిన ఆవిరిని బయటికి పంపడం.

మన వంటలో ఉడికించేవే ఎక్కువ కనుక వంటగదితో మొదలుపెట్టడం మంచిది. అన్నం, పప్పు, ఇడ్లీ పొయ్యి మీదికి ఎక్కకముందే గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంటగది తలుపు మూసి, పొయ్యి కట్టేశాక కూడా పదిహేను నిమిషాల పాటు దానిని తిరగనివ్వాలి. అయితే అద్దె ఇళ్లలో పొయ్యి పైన ఉండే కొన్ని హుడ్‌లు గాలిని వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతాయి, అవి ఆవిరిని ఏమాత్రం తీసివేయలేవు. గొట్టం గోడ బయటికి వెళ్తున్నదో లేదో చూసుకొని, వెళ్లకపోతే కిటికీ తెరవాలి. తడి బట్టలను గదిని వేడిచేసే రేడియేటర్ల మీద ఆరేయడం అన్నిటికంటే హానికరం. వాటిని స్నానాలగదిలో ఆరేసి, తలుపు మూసి, ఫ్యాన్ వేయాలి.

చలిలో కిటికీ తెరవడానికి చాలామంది వెనకాడతారు, వాన పడుతుంటే అసలే తెరవరు. కాని బయటి గాలి 5 డిగ్రీల వద్ద పూర్తిగా తడిసి ఉన్నా, లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాని సాపేక్ష తేమ (ఆ వేడి వద్ద ఇముడ్చుకోగల ఆవిరిలో నిజంగా ఉన్న వంతు) 40 శాతం లోపే ఉంటుంది. కనుక పొద్దున పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఇల్లు ఆరుతుంది, అంత కొద్దిసేపట్లో గోడలు చల్లబడవు. కిటికీ చట్రం పైన గాలి ఆడేందుకు ఉండే సన్నని సందులైన ట్రికిల్ వెంట్‌లను టేపు వేసి మూయకూడదు. హీటింగ్‌ను ఒక పూట మండించి మరో పూట పూర్తిగా ఆపేయడం కంటే, తక్కువ వేడిని నిలకడగా ఉంచడం మేలు.

తేమను కొలిచే హైగ్రోమీటర్‌ను పడకగదిలో పెట్టుకొని, అది ఎక్కువ సేపు 60 శాతం దాటుతుంటే గాలిలోని తేమను లాగే యంత్రం, డీహ్యూమిడిఫయర్ కొనాలి. చల్లగా ఉండే గదికి, గాలిని చల్లబరచి నీరు తీసే కంప్రెసర్ రకం కంటే, తేమను పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం బాగా పనిచేస్తుంది.

చట్రం అంచుల్లో నల్లని బూజు కనిపిస్తే బూజునాశినితో వెంటనే తుడవాలి. బ్లీచ్‌ను వెనిగర్‌తోగాని, అమోనియా ఉన్న ద్రవాలతోగాని ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దం) ఉన్న కిటికీలో ఆ రెండు అద్దాల నడుమ చెమ్మ చేరితే మాత్రం సీలు పాడైనట్టే. అది గాలి ఆడించినా పోదు కనుక ఫొటోలు తీసి, ఇంటి యజమానికి రాతపూర్వకంగా తెలియజేయాలి.