లాకర్ తాళం చెవి లాకర్‌లోనే ఉండిపోతే

ముందు ఆ సుత్తి పక్కన పెట్టండి. కొంచెం మంచి రకం లాకర్లలో గట్టి దెబ్బ తగిలితే ఇంకో గడియ దానంతటదే పడిపోయే ఏర్పాటు ఉంటుంది, అది పడిందంటే అసలు చెవి దొరికినా తలుపు రాదు.

ఇప్పుడు ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది నంబర్లు నొక్కే లాకర్. దాంతో వచ్చే ఎమర్జెన్సీ చెవుల్ని కొన్నరోజే బిల్లుతో సహా తీసుకెళ్లి అందులోనే పెట్టేస్తాం, భద్రంగా ఉంటాయని! బ్యాటరీలు అయిపోయిన రోజు మొదలవుతుంది టెన్షన్. నిజానికి అప్పుడు కూడా మీరు పెట్టిన నంబర్ మామూలుగా చెరిగిపోదు, కరెంటు అందిస్తే చాలు. కొన్నిటికి సెల్లుల అర బయటే, కీప్యాడ్ దగ్గరే ఉంటుంది. లోపల ఉండే రకమైతే కీప్యాడ్ అంచున రెండు లోహపు చుక్కలున్నాయేమో చూడండి, వాటికి 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఆనించి పట్టుకుని నంబర్ కొట్టాలి; చుక్కలు కాకుండా చిన్న పిన్ను రంధ్రం ఉంటే దానికి తగ్గ బ్యాటరీ డబ్బా లాకర్‌తోనే ఇచ్చుంటారు, అటక మీద ఆ అట్టపెట్టె వెతకండి. తోచిన నంబర్లన్నీ కొట్టొద్దు, వరసగా తప్పు పడితే కాసేపు అసలేమీ తీసుకోదు.

నంబర్ కూడా గుర్తు లేకపోతే కంపెనీకి ఫోన్ చేయండి. సీరియల్ నంబర్, బిల్లు, ఆధార్ లాంటివి అడుగుతారు. బిల్లు కూడా లోపలే ఉందా? కొన్న అంగడిలో కాపీ అడగండి, ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆర్డర్ల పేజీలోనే దొరుకుతుంది.

తలుపు నెట్టగానే బీగం పడిపోయే పాత బీరువా అయితే మాత్రం డూప్లికేట్ తాళాలు చేసే మనిషే దిక్కు. కడపలో ఏడు రోడ్ల వైపో, అనంతపురంలో క్లాక్ టవర్ చుట్టుపక్కలో తెలిసిన అంగళ్ల వాళ్లను అడిగి మంచివాడని చెప్పినవాణ్ణే పిలవండి. మే నెలలో అయితే పొద్దున్నే రమ్మనండి, మన ఎండకు మధ్యాహ్నం ఎవరూ కదలరు. పనితనం ఉన్నవాడు బీగం పగలగొట్టడు, ఖాళీ చెవి పెట్టి తిప్పుతూ దాని మీద పడిన గీతల్ని బట్టి ఆకురాయితో రాకుతూ కొత్త చెవి చేస్తాడు, దానికి టైం పడుతుంది, తొందరపెట్టకండి. రేటు ముందే మాట్లాడుకోండి, డ్రిల్ వేయాల్సొస్తే కొత్త బీగం ఎవరు బిగిస్తారో కూడా. అత్తగారి బీరువా అయితే ఆమెను పక్కన నిలబెట్టుకునే తెరిపించండి, రేపు మాట రాకుండా. తెరుచుకోగానే నగలు బయటికి తీసి లెక్కపెట్టుకోవద్దు, సగం రాకిన చెవులతో సహా అన్నీ తీసుకుని, డబ్బులిచ్చి, అతన్ని పంపాకే ముట్టుకోండి.

గ్యాస్ కట్టర్ మాట ఎవరెత్తినా వద్దనండి. ఆ వేడికి నోట్లు, పాసుపుస్తకాలు మాడిపోతాయి.

కొత్త సెల్లులు వేశాక తలుపు తెరిచే ఉంచి రెండుమూడుసార్లు నంబర్ కొట్టి చూడండి, గడియ సరిగ్గా వస్తూ పోతూ ఉంటేనే మూయండి. ఒక చెవి అక్కవాళ్ల ఇంట్లోనో తమ్ముడి దగ్గరో ఇచ్చేయండి.