పైంటు పట్టుకునే ముందు: బ్రిటన్ పబ్బుల్లో ఏల్, స్ట్రాంగ్ బీరు తాగే పద్ధతి

ప్రతి ఏటా ఆగస్టు వచ్చేసరికి నెల్లూరు నుంచో, కావలి నుంచో, ఒంగోలు నుంచో ఎవరో ఒక తమ్ముడు ఫోన్ చేస్తాడు. వీసా వచ్చిందన్నా, ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లాలా, గోంగూర పచ్చడి ఎన్ని కేజీలు పెట్టుకోవాలి, అన్నీ అడిగి చివర్లో గొంతు తగ్గించి "అన్నా, అక్కడ బీరు వెచ్చగా ఇస్తారంట, నిజమేనా?" అంటాడు. నేను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మూడేళ్లు ఉండి వచ్చినవాణ్ణి. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకేసారి రాసి పెడుతున్నా. తాగని వాళ్లకి ఇందులో పెద్దగా పని లేదు, కాకపోతే చేపల పులుసు ముచ్చట ఒకటుంది, అది చదువుకుని వెళ్లొచ్చు.

వెచ్చగా ఇవ్వరు. ఏల్ అంటే బీరులో ఒక రకం. పీపాలోంచి పోసే కాస్క్ ఏల్ అనేదాన్ని పబ్బు కింద సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. రోహిణి కార్తెలో ఐసు డబ్బాలోంచి తీసి, పళ్లు జివ్వుమనేట్టు తాగిన నాలుకకి అది వెచ్చగా అనిపిస్తుంది, అంతే. చల్లదనం ఎక్కువైతే నాలుక మొద్దుబారి రుచి తెలీదు. మన దగ్గర దొరికే కొన్ని బీర్లకి రుచి తెలియకపోవడమే మేలు, అది వేరే సంగతి.

అసలు విషయం ఎక్కాలంటే వైన్ షాపుని మర్చిపోయి కల్లుని గుర్తు తెచ్చుకోండి. మా మేనమామది తుమ్మలపెంట వైపు. డిగ్రీ అయిపోయాక ఒక ఎండాకాలం ఆయనతో తాటితోపులోకి పోయాను. పొద్దున్నే దించిన కల్లు తియ్యగా ఉంది, పది దాటేసరికి నాలుక మీద చురుక్కుమంది, సాయంత్రానికి అదే కల్లు పులిసి ముక్కుకి కొట్టింది. మామ ముంత అందుకున్నాక వెంటనే తాగడు. ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగి, పైన తేలే నురగని వేలితో పక్కకి తోసి, అప్పుడు ఒక గుక్క. నచ్చకపోతే పారబోసి ఇంకో చెట్టుది పొయ్యమంటాడు. షెఫీల్డ్‌లో తెల్ల గడ్డాల ముసలాయన ఒకాయన పైంటు గ్లాసు పట్టుకుని సరిగ్గా ఇదే పని చేస్తుంటే చూసి, నాకు మామ గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఎందుకంటే కాస్క్ ఏల్ కూడా బతికున్న సరుకు. బ్రూవరీలో పులిసిన బీరుని వడకట్టకుండా, పాశ్చరైజ్ చేయకుండా, పులియబెట్టే ఈస్ట్‌తో సహా పీపాలో పోసి పంపిస్తారు, అది సెల్లార్‌లో ఇంకోసారి పులుస్తుంది, అందులో పుట్టే సన్నటి గ్యాసు తప్ప బయటి నుంచి గ్యాసు కొట్టరు. కౌంటర్ మీద పొడవాటి పిడి ఉంటుంది, మన ఊళ్లో బోరింగు కొట్టినట్టు దాన్ని లాగితే పైకొస్తుంది. దీన్నే రియల్ ఏల్ అని కూడా అంటారు. పెద్ద కంపెనీల గ్యాసు బీరు పబ్బులన్నిటినీ ఆక్రమిస్తుంటే దీన్ని కాపాడుకోవాలని 1971లో కామ్రా అనే సంఘం పుట్టింది. తాగేవాళ్లంతా సంఘం పెట్టుకుని బీరుని కాపాడుకున్నారన్న మాట వింటే మావాళ్లు ఇప్పటికీ నమ్మరు.

మామూలు పీపాని ఫర్కిన్ అంటారు, 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు. తెరిచాక బీరు తగ్గే కొద్దీ లోపలికి గాలి పోతుంది కాబట్టి మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే కల్లు కథే. అందుకని పబ్బు ఎంచుకునేటప్పుడు పది పిడులు ఉన్నాయని మురిసిపోవద్దు. జనం లేని పబ్బులో పది రకాలుంటే అందులో సగం పులిసిపోయి ఉంటాయి. నాలుగే పిడులుండి, శుక్రవారం సాయంత్రం భుజాలు తగిలేంత జనం ఉన్న పబ్బు మేలు. తలుపు దగ్గర క్యాస్క్ మార్క్ అనే గుండ్రటి బిళ్ల కనిపిస్తే కాస్త ధైర్యం, బీరు నాణ్యతని పరీక్షించి ఇచ్చేది అది. షెఫీల్డ్ వెళ్లేవాళ్లు రైల్వే స్టేషన్లోనే ఉన్న షెఫీల్డ్ ట్యాప్‌తో మొదలుపెట్టొచ్చు, పాతకాలం ఫస్ట్‌క్లాస్ ప్రయాణికుల ఫలహారశాలని బాగుచేసి పెట్టింది, టైల్స్ చూడ్డానికైనా పోవాలి. తర్వాత కెల్హమ్ ఐలండ్ వైపు నడవండి, అక్కడ ఫ్యాట్ క్యాట్ ఉంది, కెల్హమ్ ఐలండ్ టావెర్న్ ఉంది.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం, నంబరు. ప్రతి పిడి మీద చిన్న బోర్డు ఉంటుంది, దాని మీద బీరు పేరు, ఆల్కహాల్ శాతం. పేరు తర్వాత చదవండి, ముందు నంబరు చదవండి. బిట్టర్ అనేది రోజువారీ బీరు, చాలావరకు 3.5 నుంచి 4.5 లోపు, నాలుగు కబుర్లు చెప్పుకుంటూ తాగేది. 5 దాటితే జాగ్రత్త మొదలు: ఫుల్లర్స్ వాళ్ల ఈఎస్‌బీ పీపాలోది 5.5, యార్క్‌షైర్‌లోని థీక్‌స్టన్ వాళ్ల ఓల్డ్ పెక్యూలియర్ 5.6, థార్న్‌బ్రిడ్జ్ వాళ్ల జైపూర్ 5.9. ఆ జైపూర్ మనవాళ్లని పేరుతోనే పడేస్తుంది, గొంతులో నీళ్లలాగా దిగుతుంది, లేచి నిలబడినప్పుడు తెలుస్తుంది. ఆపైన ఘాటైన ఓల్డ్ ఏల్‌లు, బార్లీ వైన్, నల్లటి ఇంపీరియల్ స్టౌట్, హాప్స్ చేదు దట్టించిన డబుల్ ఐపీఏ, ఇవి చాలావరకు 8 దగ్గరా ఆ పైనా ఉంటాయి. పేరులో వైన్ ఉన్నా బార్లీ వైన్ బీరే.

"8 అంటే మన స్ట్రాంగే కదన్నా" అంటారని తెలుసు, నేనూ అదే అనుకున్నా. లెక్క చూడండి. అక్కడ యూనిట్ అని ఒకటుంది: మిల్లీలీటర్లని శాతంతో గుణించి వెయ్యితో భాగించాలి. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. 4 శాతం బిట్టర్ ఒక పైంటు 2.3 యూనిట్లు. స్టాక్‌పోర్ట్‌లో రాబిన్సన్స్ వాళ్లు చేసే ఓల్డ్ టామ్ 8.5 శాతం, అది పైంటు తాగితే 4.8. మన 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసా 8 శాతం అయితే 5.2. అంటే ఒక్కదానికి తేడా ఏం లేదు. తేడా ఎక్కడంటే మన సీసాని ఇద్దరు పంచుకుని, మధ్యలో పల్లీలూ మిక్చరూ నములుతూ గంటన్నర కూర్చుంటాం. అక్కడ గ్లాసు ఎవరిది వాళ్లదే, చేతిలో నిండుగా ఉంటుంది, పక్కవాడు మూడో రౌండు తెచ్చేస్తాడు. అక్కడి ప్రభుత్వ డాక్టర్లు వారం మొత్తానికి 14 యూనిట్లు దాటొద్దంటారు. నేను మొదటి నవంబరులో ఒక పబ్బులో 8.5 శాతం ఏల్ మూడు పైంట్లు లాగించాను. చలికి బాగుంది, తియ్యగా ఉంది, ఎవరూ ఆపలేదు. ఆ ఒక్క రాత్రికే 14 అయిపోయాయి. డబుల్ డెక్కర్ బస్సులో పైకెక్కి కూర్చున్నది గుర్తుంది, ఆ తర్వాత డ్రైవర్ భుజం తట్టి లేపింది గుర్తుంది. ఆఖరి స్టాపు, అదే ఆఖరి బస్సు. సన్నటి వానలో గంటన్నర నడిచి రూముకొచ్చాను, షెఫీల్డ్ అంతా ఎత్తుపల్లాలే, నా దారిలో మాత్రం అన్నీ ఎత్తులే ఉన్నట్టు అనిపించింది.

కాబట్టి స్ట్రాంగ్‌వి హాఫ్ అడగండి. హాఫ్ అంటే 284 మిల్లీలీటర్లు. చిన్న బ్రూవరీల క్రాఫ్ట్ బీరు అమ్మే పబ్బుల్లో మూడో వంతు గ్లాసు కూడా ఉంటుంది, 189. పది శాతం స్టౌట్‌కి అది చాలు. హాఫ్ అడిగితే నామోషీ అనే మాట పాతది, ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేవాడు దొరికితే వాడి రౌండులోంచి తప్పుకోండి. రౌండ్ అంటే ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొనడం. అయిదుగురితో రౌండులో దిగితే అయిదు తాగాల్సిందే, తాగి మీ వంతు రాకముందే జారుకుంటే మాత్రం ఆ చెడ్డపేరు డిగ్రీ పట్టా వచ్చేదాకా పోదు. ముందే "నాది నేను తెచ్చుకుంటా" అనేస్తే టెన్షన్ లేదు.

ఆర్డర్ ఇవ్వడం ఎట్టా అంటే, మామూలు పబ్బులో టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, కౌంటర్ దగ్గరికి మీరే పోవాలి. అక్కడ క్యూ కనిపించదు కానీ ఉంటుంది. ఎవరు ముందొచ్చారో అందరికీ తెలుసు, పక్కాయన మీకన్నా ముందుంటే ఆయన్ని చూపించండి, తర్వాతిసారి ఆయన మిమ్మల్ని చూపిస్తాడు. చిటికెలేయడం, నోటు ఊపడం, "బాస్" అని కేకేయడం వద్దు. ఏది కావాలో తెలీకపోతే రుచి చూపించమని అడగొచ్చు, చిన్న గ్లాసులో రెండు గుక్కలు పోసిస్తారు, డబ్బులు తీసుకోరు. అట్టాగని ఎనిమిది రుచి చూసి ఒక హాఫ్ కొనకండి. టిప్పు అక్కర్లేదు. 18 నిండితే చాలు, కానీ పాతికేళ్లలోపు కనిపిస్తే కార్డు అడుగుతారు. మనవాళ్లు గడ్డం తీస్తే ఇంటర్ పిల్లల్లా ఉంటారు కాబట్టి ఏదో ఒక గుర్తింపు జేబులో ఉండాలి. మంచినీళ్లు అడిగితే ఊరికే ఇవ్వాలని అక్కడ చట్టమే ఉంది, ప్రతి హాఫ్‌కీ ఒక గ్లాసు నీళ్లు తెచ్చుకోండి. గంట కొట్టి లాస్ట్ ఆర్డర్స్ అన్నారంటే కంగారుగా రెండు కొనేయమని కాదు, ఇంటికి పొమ్మని.

ఉత్తరాన, అంటే షెఫీల్డ్, లీడ్స్ వైపు, పంపు మూతికి స్పార్క్లర్ అనే చిన్న జల్లెడ బిగిస్తారు, దాంతో మీగడ కట్టినట్టు నురగ వస్తుంది. లండన్ వైపు నురగ పెద్దగా ఉండదు, అది బీరు పాడైనట్టు కాదు. నురగ మరీ ఎక్కువై గ్లాసు తక్కువగా అనిపిస్తే "టాప్ అప్ ప్లీజ్" అనండి, పోస్తారు.

రుచి గురించి. తేలికదానితో మొదలుపెట్టి ఘాటుదానికి పోవాలి, లేతరంగు నుంచి నలుపుకి. ముందే ఇంపీరియల్ స్టౌట్ తాగితే తర్వాత బిట్టర్ నీళ్లే. ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్‌లో చేదు హాప్స్ అనే పువ్వు నుంచి వస్తుంది, ముక్కు దగ్గర పెడితే బత్తాయి తొక్క వాసన. ఆ పేరులో ఐ అంటే ఇండియానే, ఇక్కడికి ఓడల్లో పంపిన పేల్ ఏల్ నుంచి వచ్చింది. ఓల్డ్ ఏల్ తాటిబెల్లం పాకంలో ఎండు ఖర్జూరం నానేసినట్టు ఉంటుంది. ఇంపీరియల్ స్టౌట్ చక్కెర వెయ్యని చిక్కటి డికాషన్. ఈ ఘాటు బీర్లు గ్లాసులో పది నిమిషాలు ఉంటే వాసన ఇంకా తెరుచుకుంటుంది, అరగంటకి ఒక హాఫ్, అంతకన్నా తొందరపడొద్దు. క్రాఫ్ట్ బీర్లు చాలావరకు కెగ్ అనే మూసిన డ్రమ్ములోవి, గ్యాసుతో, చల్లగా వస్తాయి. వాటిలో కొన్ని గంజినీళ్లలాగా మబ్బుగా ఉంటాయి, అది కావాలని చేసిందే. బిట్టర్ మబ్బుగా ఉండి పుల్లటి వాసన కొడితే మాత్రం వెనక్కి ఇచ్చేయండి, "కొంచెం వెనిగర్‌లా ఉంది, చూస్తారా" అని మెల్లగా. మంచి పబ్బులో మాట్లాడకుండా మారుస్తారు. నాకు ఒకచోట "అది అట్టాగే ఉంటుంది" అన్నారు. పైంటు అక్కడే పెట్టి వచ్చేశాను, మళ్లీ పోలేదు.

శాకాహారులు ఒకటి చూసుకోవాలి. కాస్క్ ఏల్‌ని తేటగా చేయడానికి చాలామంది ఐసింగ్లాస్ వేస్తారు, అది చేపల తిత్తి నుంచి తీసేది. వీగన్ అని రాసి ఉందా అని అడగండి. కౌంటర్ వెనక వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ పంది చర్మం వేపుడు, పేరు చూడకుండా చిప్స్ అనుకుని కొనొద్దు. చిప్స్ ప్యాకెట్‌ని అందరి మధ్యా చింపి విప్పి పరుస్తారు, అది నాకు బాగా నచ్చిన ఆచారం.

చేపల పులుసు ముచ్చట ఇక్కడ. మామిడికాయ వేసిన నెల్లూరు చేపల పులుసుతో ఐపీఏ తాగొద్దు, హాప్స్ చేదు కారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, చింతపండు పులుపు దాంతో పోట్లాడుతుంది. తియ్యదనం ఉన్న ఓల్డ్ ఏల్ అయితే కారం సర్దుకుంటుంది. రొయ్యల వేపుడుకి పోర్టర్ అనే నల్ల బీరు కుదురుతుంది. ఇవి రూములో చేసిన ప్రయోగాలు, ఏ పబ్బులోనూ దొరకవు.

బండి తోలేవాళ్లు అసలు ముట్టొద్దు. ఇంగ్లండ్‌లో పరిమితి వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు, స్కాట్లండ్‌లో 2014 నుంచి 50కి తగ్గించారు. ఒక్కో యూనిట్ దిగడానికి సుమారు గంట పడుతుంది కాబట్టి రాత్రి పది యూనిట్లు తాగినవాడు పొద్దున డెలివరీ బండి తీసినా దొరికిపోవచ్చు.

వచ్చేటప్పుడు ఒకటి రెండు సీసాలు తెచ్చుకోవచ్చు, కస్టమ్స్‌లో మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. ఫుల్లర్స్ వింటేజ్ ఏల్ అని 1997 నుంచి ఏటా ఒకటి తెస్తున్నారు, 8.5 శాతం, సీసాలోనే ఈస్ట్ ఉంటుంది. సీసాని నిలబెట్టి ఉంచి, మెల్లగా వంచి, అడుగున మడ్డి కదలకుండా పోయాలి. ఏళ్ల తరబడి దాచుకునే బీరే కానీ మన ఎండలకి దాచొద్దు, వచ్చిన నెలలోనే తీసెయ్యండి. నేను తెచ్చింది మామకి పోశాను. ముక్కు దగ్గర పెట్టుకుని ఆగాడు, ఒక గుక్క తాగి బెల్లమా అన్నాడు. నేను జాగ్రత్తగా సీసాలో వదిలేసిన ఆఖరి అంగుళం చూసి, అసలుది వదిలేశావేందిరా అని, సీసా గిర్రున తిప్పి మడ్డితో సహా గ్లాసులో వంచుకున్నాడు.