బీఎంఎస్ ఇవాల్యుయేషన్ బోర్డు లేవడం లేదా? చిప్పు మార్చే ముందు ఇవి చూడండి

కాకినాడ, భీమవరం వైపు కాలేజీ ప్రాజెక్టులకీ, చెరువు గట్ల మీద సోలార్ లైట్లకీ, ఈ-ఆటోలకీ లిథియం ప్యాక్ కట్టేవాళ్లు ముందుగా టీఐ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్) బీక్యూ76940 లాంటి బీఎంఎస్ చిప్పు, అంటే సెల్స్‌ను కాపలా కాసే చిప్పు, ఉన్న ఇవాల్యుయేషన్ బోర్డు (చిప్పును పరీక్షించి చూసే బోర్డు) మీద ప్రయోగం చేస్తుంటారు. సెల్స్ అన్నీ కలిపాక బోర్డు ఉలకదు, పలకదు. వెంటనే చిప్పు పోయిందనుకుంటారు. ఎక్కువసార్లు అది పోలేదు, పడుకుని ఉంది. కరెంటు అందగానే షిప్ మోడ్ అనే నిద్రలో ఉండిపోవడం ఈ చిప్పు స్వభావం. లేపితేనే లేస్తుంది.

లేపే ముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి. రెగ్‌అవుట్ పిన్ను (చిప్పు బయటికిచ్చే చిన్న సప్లై) దగ్గర వోల్టేజీ రాకపోవడం ఒకటి. అది వచ్చినా ఐ2సీలో (మైక్రోకంట్రోలర్‌తో మాట్లాడే రెండు వైర్ల లైను) చిప్పు పలకకపోవడం రెండోది. పలికినా ప్యాక్ అవుట్‌పుట్ సున్నా ఉండటం మూడోది. మూడింటి మందులూ వేరు.

ట్యాప్ వైర్లతో మొదలుపెట్టండి

ఒక్కో సెల్ నుంచి బోర్డుకు వచ్చే సన్న వైర్లే ట్యాప్ వైర్లు. వాటి కనెక్టర్‌ను బోర్డులో గుచ్చకుండా చేతిలోనే ఉంచుకుని, పక్కపక్క పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ అయితే ప్రతి జత మధ్యా 3.2 నుంచి 3.3 వోల్టులు రావాలి. 6.5 దాకా వచ్చిందంటే మధ్యలో ఒక వైరు వదిలేశారు. మైనస్ వచ్చిందంటే రెండు వైర్లు తారుమారయ్యాయి. సున్నా అయితే వైరు తెగింది, లేదా రెండు వైర్లు ఒకే చోట కలిపారు. ఈ ఐదు నిమిషాల పని మానేసి గుచ్చేస్తే ఇన్‌పుట్ ఫిల్టర్ రెసిస్టర్లు మాడతాయి, వాటితోపాటు చిప్పు కూడా పోవచ్చు. చేతి ఉంగరం తీసేయండి. ప్యాక్ ప్లస్‌లో 1 ఆంప్ ఫ్యూజు పెట్టండి.

గుచ్చాక బోర్డు మీది టెస్ట్ పాయింట్ల దగ్గర మళ్లీ కొలవండి. నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇత్తడి పిన్నులు తొందరగా చిలుము పడతాయి. మీటరు దాదాపు ఏమీ లాగదు కాబట్టి చిలుము పట్టిన పిన్ను కూడా దానికి సరైన లెక్కే చూపిస్తుంది. బోర్డు కరెంటు లాగినప్పుడే వోల్టేజీ పడిపోతుంది.

బీక్యూ76920కి 3 నుంచి 5, బీక్యూ76930కి 6 నుంచి 10, బీక్యూ76940కి 9 నుంచి 15 సెల్స్ కావాలి. 76940 లోపల ఐదేసి సెల్స్‌తో మూడు గుంపులు ఉంటాయి, ప్రతి గుంపూ తన సెల్స్ నుంచే కరెంటు తీసుకుంటుంది. 12 సెల్సే ఉన్నాయని పై మూడింటినీ గాలికి వదిలేస్తే పై గుంపు చచ్చిపడి ఉంటుంది. ప్రతి గుంపులోనూ కనీసం మూడు అసలు సెల్స్ ఉండేలా పంచి, ఖాళీ ఇన్‌పుట్లను డేటాషీట్ పట్టిక చెప్పినచోట షార్ట్ చేయాలి.

సెల్స్ లేకుండా పరీక్షించాలంటే 200 ఓమ్‌ల రెసిస్టర్లు 15 వరసగా కట్టండి. 54 వోల్టులిస్తే ఒక్కో మెట్టు 3.6 వోల్టులు, కరెంటు 18 మిల్లీఆంప్‌లు, కాబట్టి పావు వాట్ రెసిస్టర్ చాలు. సప్లై కరెంట్ లిమిట్ 100 మిల్లీఆంప్‌ల దగ్గర పెట్టండి. ఒక్క 30 వోల్టుల సప్లైతో నెట్టుకురావాలని చూస్తే మెట్టుకు 2 వోల్టులే వస్తాయి. చిప్పు లేచినా అండర్‌వోల్టేజ్ ఫాల్ట్ పెట్టుకుని డిశ్చార్జ్ ఆన్ కానివ్వదు. రెండు ఫ్లోటింగ్ సప్లైలను (అవుట్‌పుట్ ఎర్త్‌కు కలపనివి) సిరీస్‌లో పెట్టుకోండి. అసలు సెల్స్ తగిలించే ముందు ఈ రెసిస్టర్ల నిచ్చెన తీసేయడం మరిచిపోకండి, రాత్రంతా ప్యాక్ నుంచి కరెంటు తాగుతూనే ఉంటుంది.

లేపడం

బోర్డు మీది బూట్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. అది టీఎస్1 పిన్ను వోల్టేజీని సుమారు 1 వోల్టు దాటిస్తుంది. చిప్పు చూసేది ఆ పైకెగిరే అంచునే. అందుకే టీఎస్1 ముందు కింద ఉండాలి. అక్కడ 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్ (వేడి కొలిచే రెసిస్టర్) లేకపోతే తాత్కాలికంగా 10 కే రెసిస్టర్ పెట్టండి. సెల్స్ అన్నీ తగిలించాకే నొక్కాలి, సగం వైర్లు పెట్టి నొక్కితే లాభం లేదు.

లేచిందో లేదో రెగ్‌అవుట్ చెబుతుంది. చిప్పు రకాన్ని బట్టి 2.5 లేదా 3.3 వోల్టులు వస్తాయి. నొక్కినా రాకపోతే మైక్రోకంట్రోలర్‌నూ, ఇతర లోడ్‌నూ తీసేసి మళ్లీ నొక్కండి. అప్పుడు వస్తే తప్పు లోడ్‌దే.

పలకకపోతే

పార్టు నంబరు చివరి రెండంకెలు జాగ్రత్తగా చదవండి. చిరునామా హెక్స్ 08 లేదా 18, రెగ్‌అవుట్ వోల్టేజీ, సీఆర్‌సీ (డేటాలో తప్పు పట్టే అదనపు బైటు) ఉందా లేదా అన్నీ వాటిలోనే ఉంటాయి. చదవడం బాగానే ఉండి, రాసిన విలువ మాత్రం నిలవడం లేదంటే అది సీఆర్‌సీ రకం, మీ కోడ్ సీఆర్‌సీ పంపడం లేదు. క్లాక్ 100 కిలోహెర్ట్జ్ దాటించకండి. రెండు లైన్లకూ 10 కే పుల్‌అప్ (లైన్‌ను పైకి లాగి ఉంచే రెసిస్టర్) రెగ్‌అవుట్‌కే ఉండాలి. 5 వోల్టుల ఆర్డుయినో యూనో అయితే లెవల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజీని మార్చే చిన్న బోర్డు) తప్పదు. బూట్ తర్వాత కనీసం 10 మిల్లీసెకన్లు ఆగి అడగండి.

అవుట్‌పుట్ సున్నా ఉంటే

ఇది అసలు జబ్బే కాదు. లేచాక ఛార్జ్, డిశ్చార్జ్ ఫెట్లు (బ్యాటరీ మైనస్‌కూ ప్యాక్ మైనస్‌కూ మధ్య స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) రెండూ ఆఫ్‌లోనే ఉంటాయి, మీ కోడ్ ఆన్ చేయాలి. ముందు రిజిస్టర్ 0B లో 19 రాయండి (ఇక్కడి నుంచి అంకెలన్నీ హెక్స్). తర్వాత స్టేటస్ రిజిస్టర్ 00 చదవండి. 20 బిట్ (చిప్పు లోపల ఏదో తేడా ఉందనే గుర్తు) పెట్టి ఉంటే కొన్ని సెకన్లు ఆగి, అదే రిజిస్టర్‌లో 20 రాసి చెరపండి. ఆ తర్వాత రిజిస్టర్ 05 లో 43 రాస్తే రెండు ఫెట్లూ ఆన్ అవుతాయి.

స్టేటస్‌లో 10 బిట్ పదేపదే వస్తుంటే అలర్ట్ పిన్ను బయటి నుంచి పైకి లాగబడుతోందని అర్థం. దాన్ని కిందికి పట్టి ఉంచేది 500 కిలోఓమ్‌ల నుంచి 1 మెగాఓమ్ రెసిస్టర్ మాత్రమే. డెల్టాలో వానాకాలపు తేమకు, శుభ్రం చేయని ఫ్లక్స్ మరక మీదుగా పక్క ట్రేస్ నుంచి వచ్చే లీకేజీ దాన్ని ఓడించడానికి చాలు. ఎండలో బాగుండి, ముసురు పట్టినప్పుడు ఆగిపోయే బోర్డుల్లో ఇది ముందు చూడాల్సిన చోటు. సెల్స్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి, 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి మళ్లీ చూడండి.

ఇంకో ఉచ్చు ఉంది. ల్యాప్‌టాప్ ఛార్జర్‌లో ఉండి, యూఎస్‌బీ గ్రౌండ్ బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉండగా ఆసిలోస్కోప్ ఎర్త్ క్లిప్‌ను ప్యాక్ మైనస్‌కు పెడితే, ఫెట్లను దాటి ఎర్త్ మీదుగా షార్ట్ అవుతుంది. ఫెట్లు ఆఫ్‌లో ఉన్నా ఆన్ అయినట్టే కనిపిస్తాయి. పరీక్షంతా ల్యాప్‌టాప్‌ను దాని బ్యాటరీ మీదే నడపండి.

తేమ నుంచి కాపాడే కోటింగ్ స్ప్రే అన్నీ సరిగ్గా నడిచాకే కొట్టండి, అదీ కనెక్టర్లకూ బూట్ బటన్‌కూ టేపు వేసి.