చెన్నై ఉప్పుగాలిలో మొబిలిటీ స్కూటర్‌ను ఇంట్లోనే చూసుకోవడం

నడవడం కష్టమైనవాళ్లు కూర్చుని వెళ్లే ఈ బ్యాటరీ బండి మూలపడేది ఎక్కువగా బ్యాటరీ వల్లే. చాలా మోడళ్లలో సీటు కింద 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండుంటాయి. సగం చార్జింగ్‌తో రోజుల తరబడి వదిలేస్తే లోపల పలకల మీద సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం పడిపోతుంది. అందుకే పెద్దవాళ్లు బెసంట్ నగర్ బీచి దాకా వెళ్లొచ్చిన రాత్రే చార్జింగ్ పెట్టేయండి, 8 నుంచి 12 గంటలు. వాడకపోయినా నెలకోసారి తప్పదు.

చార్జింగ్ నిండి కొన్ని గంటలు ఆగాక మల్టీమీటర్‌తో రెండూ విడివిడిగా చూడండి. 12.7 వోల్టుల దగ్గర ఉండాలి. ఒకటి 12.2 దగ్గరే ఆగిపోతోందంటే రెండూ కలిపి మార్చాలి. ఒక్కటే మార్చి మిగుల్చుకునేదేమీ లేదు, పాతది కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

సముద్రపు గాలికి బ్యాటరీకి వైర్లు బిగించే టెర్మినళ్లు చిలుము పడతాయి. తాళంచెవి తీసి, ముందు నెగెటివ్ వైరు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బిగించాక పలచగా వాజిలీన్ రాయండి. స్పానర్ రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగలకూడదు.

టైర్లలో గాలి వారానికోసారి. ఎంతుండాలో టైరు పక్కనే అచ్చేసి ఉంటుంది. పైపుతో కడగొద్దు, తడిగుడ్డ చాలు.

బండి కదలట్లేదా? మెకానిక్కును పిలిచేముందు ఫ్రీవీల్ లివర్ (మోటారును చక్రాల నుంచి విడదీసేది) చూడండి. తోయడానికి న్యూట్రల్‌లో పెట్టి మరచిపోతుంటారు. అలా ఉన్నప్పుడు బ్రేకు కూడా పట్టదు, వాలు మీద ఆ లివర్‌ను ముట్టుకోవద్దు.