శ్రీలంక రాజకీయాన్ని సింహళంలోనూ తమిళంలోనూ పక్కపక్కన పెట్టి చదవడం ఎలా

శ్రీలంక గురించి తెలుగులో మనకు అందేది చాలావరకు ఇంగ్లీషు వార్తాసంస్థల మీదుగా వచ్చిందే. అక్కడి చట్టాలూ ప్రసంగాలూ తగాదాలూ మాత్రం సింహళంలోనో తమిళంలోనో పుడతాయి. ఒకే విషయానికి ఆ రెండు భాషలూ వాడిన మాటలు ఎక్కడ విడిపోతాయో అక్కడే అసలు పేచీ ఉంటుంది, ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది చదునైపోతుంది. తెలుగు వచ్చినవారికి ఈ రెండింటినీ చదవడం అనుకున్నంత కష్టం కాదు. సింహళంలో సంస్కృత పదాలు దండిగా ఉన్నాయి, తమిళం మన ఇంటి పక్క భాష. అయితే ఆ దగ్గరితనమే ఎక్కువ తప్పులు చేయిస్తుంది.

ముందు లిపి

సింహళ అక్షరమాల వరస మనదే: అచ్చులు, హల్లులు, గుణింతం. కొత్తగా నేర్చుకోవలసినవి రెండు. ఒకటి, ‘యాపిల్’ అనేటప్పుడు మొదట పలికే అచ్చు. దానికి అక్కడ హ్రస్వం, దీర్ఘం రెండు అక్షరాలున్నాయి. రెండోది, ముక్కుతో తేలికగా మొదలయ్యే గ, డ, ద, బ అక్షరాలు. వీటిని పూర్తి సున్నా ఉన్న పదాలతో కలిపేస్తే అర్థం మారిపోతుంది: నిండు నకారంతో ‘కంద’ అంటే కొండ, ఆ తేలిక ధ్వనితో అదే మాట చెట్టు మాను.

ణ–న, ళ–ల, శ–ష జంటలను సింహళీయులు ఒకేలా పలుకుతారు, వేరుగా రాస్తారు. అందుకే విన్న పేరును విన్నట్టు టైపు చేసి వెతికితే దొరకదు. రెండు రకాలుగానూ వెతకాలి. ‘శ్రీ’ లాంటి సంయుక్తాక్షరాల మధ్య యూనికోడ్‌లో కంటికి కనిపించని జోడింపు గుర్తు ఉంటుంది. అది లేకుండా టైపు చేస్తే తెర మీద అక్షరాలు విడివిడిగా పడతాయి, వెతుకులాట ఖాళీగా తిరిగొస్తుంది. ఉన్న పాఠం నుంచి పదాన్ని కాపీ చేసి వెతకడం మేలు.

పాత పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట వచ్చిందంటే ఫైలు పాడైపోలేదు. అది యూనికోడ్‌కు ముందటి ఫాంట్. సింహళానికి ఎఫ్ఎం అభయ, తమిళానికి బామిని ఎక్కువగా ఎదురవుతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ముందు ఆ పని చేశాకే అనువాద యంత్రానికి ఇవ్వాలి.

తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరమని తెలిసిందే. లంక తమిళంలో ఇంకో మెలిక ఉంది. ఇంగ్లీషు మాటల మొదట్లో ‘ట’ వచ్చేచోట ‘ర’ రాయడం అక్కడి అలవాటు, టీవీ కాస్తా ‘రీవీ’ అవుతుంది. తమిళనాడు తమిళం మాత్రమే తెలిసినవారు ఇక్కడ తడబడతారు.

తెలిసినట్టుండి మోసం చేసే మాటలు

ఈ కొద్ది మాటలూ ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. సింహళంలో ‘మంత్రి’ అంటే మంత్రి కాదు, పార్లమెంటు సభ్యుడు. మంత్రిని ‘అమాత్య’ అనో ‘ఎమతి’కి దగ్గరగా పలికే మాటతోనో పిలుస్తారు, ప్రధాని ‘అగమెతి’. ఈ ఒక్కటి తెలియక ఒక మామూలు ఎంపీ మాటను ప్రభుత్వ ప్రకటనగా అచ్చువేసే ప్రమాదం ఉంది.

‘దేశపాలనయ’ అంటే పాలన కాదు, రాజకీయం. ‘వ్యవస్థావ’ రాజ్యాంగం, ‘సంశోధనయ’ దానికి సవరణ. పరిశోధన అనుకుంటే వాక్యం మొత్తం తలకిందులవుతుంది. ‘పనత’ చట్టం, ‘ఛందయ’ ఓటు, ‘మనాప’ ప్రాధాన్య ఓటు. పార్లమెంటు ఎన్నికల్లో ఓటరు ముందు పార్టీకి గుర్తు పెట్టి, ఆ పార్టీ అభ్యర్థుల్లో ముగ్గురి దాకా మనాప ఇవ్వొచ్చు. ఒకే పార్టీవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటున్నారంటే కారణం చాలాసార్లు ఈ మనాప పోరే.

అన్నిటికన్నా ముల్లులాంటి మాట ‘జాతి’. సింహళ ‘జాతియ’లో దేశప్రజ అనే అర్థమూ ఉంది, తెగ అనే అర్థమూ ఉంది. వక్త ఏది ఉద్దేశించాడో పక్క వాక్యాలే చెప్పాలి. తమిళంలో ‘సాది’ అంటే కులం. కులానికి సింహళంలో మనలాగే ‘కులయ’ అంటారు. తమిళ పత్రికలు తెగకు ‘ఇనం’, జాతీయతకు ‘దేశియం’ వాడతాయి. కాబట్టి సింహళ నాయకుడు ‘జాతియ’ అన్నచోట తమిళ పత్రిక ‘ఇనం’ అని రాసిందా, ‘దేశం’ అని రాసిందా అన్నది గుర్తు పెట్టుకోవలసిన విషయం.

ఒకే వాక్యం, రెండు రాజ్యాలు

ఈ పద్ధతి ఎందుకో తెలియాలంటే రాజ్యాంగం రెండో అధికరణ చాలు. 1978 రాజ్యాంగం ప్రకారం శ్రీలంక సింహళంలో ‘ఏకీయ రాజ్యయ’, తమిళంలో ‘ఒట్రైయాట్చి’, అంటే ఒకే కేంద్రం నుంచి సాగే పాలన. 2017 సెప్టెంబరులో రాజ్యాంగ సభ స్టీరింగ్ కమిటీ ఇచ్చిన మధ్యంతర నివేదికలో సింహళ మాట ‘ఏకీయ’ అలాగే ఉంది. తమిళంలో మాత్రం ‘ఒరుమిత్త నాడు’ వచ్చింది, ఒక్కటైన దేశం అని దాని అర్థం. ఇంగ్లీషు ప్రతిలో దీనికి సమానమైన ఇంగ్లీషు మాట పెట్టడం మానేసి, ఆ రెండు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో పక్కపక్కన రాశారు. తమిళ జాతీయవాదులు సింహళ మాట మారనప్పుడు ఏం మారినట్టు అని అడిగారు. సింహళ జాతీయవాదులు తమిళ మాట చాటున సమాఖ్య దాక్కుందన్నారు. ఇద్దరూ ఒకే నివేదిక చదివారు, వేర్వేరు భాషల్లో.

పార్టీల పేర్లకూ ఇదే వర్తిస్తుంది. 1949లో చెల్వనాయకం స్థాపించిన ‘ఇలంగై తమిళ్ అరసు కట్చి’ని ఇంగ్లీషులో ఫెడరల్ పార్టీ అన్నారు. కానీ తమిళంలో ‘అరసు’ అంటే రాజ్యమనీ వస్తుంది, ప్రభుత్వమనీ వస్తుంది. పార్టీ తన నియమావళిలో ‘సమష్టి’ (సమాఖ్య) అనే మాట మార్చి ‘ఇణైప్పాట్చి’ (జతకూడిన పాలన) అని పెట్టుకోవడం మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సమాఖ్య కోరడం వేరే దేశం కోరడం కాదని 2017 ఆగస్టులో తీర్పు వచ్చింది.

ఎల్‌టీటీఈతో సాగిన యుద్ధంలో కనిపించకుండా పోయినవారి విషయంలో మాట మరీ బరువైనది. సింహళంలో ‘అతురుదహన్’ అంటారు, మన ‘అంతర్ధానం’ లాంటిదే, చేసినవాడు కనిపించడు. 2016 చట్టంతో ఏర్పడిన కార్యాలయం తమిళ పేరులో ‘కాణామల్ పోన’ అని ఉంది, అంటే తప్పిపోయిన. 2017 నుంచి కిళినొచ్చి, వవునియాల్లో రోడ్డు పక్కన కూర్చున్న తల్లులు మాత్రం ‘కాణామల్ ఆక్కప్పట్టోర్’ అంటారు, కనిపించకుండా చేయబడినవాళ్లు. దీన్ని తెలుగులో ‘అదృశ్యమైనవారు’ అని రాస్తే ఆ తల్లులు చెప్పే మాటలో సగం మనమే తుడిచేసినట్టు. ‘మాయం చేయబడినవారు’ అనండి.

పత్రికలు: యజమాని ఒకరైతే తేడా భాషదే

సింహళంలో ఎక్కువమంది చదివే లంకాదీప, జాతీయవాద స్వరం గట్టిగా వినిపించే దివయిన, తమిళంలో కొలంబో నుంచి 1930లో మొదలైన వీరకేసరి, యాళ్పాణం (జాఫ్నా) నుంచి 1985లో మొదలైన ఉదయన్, ఈ నాలుగింటితో మొదలుపెట్టవచ్చు. ఉదయన్ ఆఫీసులోకి 2006 మేలో సాయుధులు చొరబడి ఇద్దరు సిబ్బందిని చంపారు. ఉత్తరాదిలో ఒక వాక్యం అచ్చు కావడానికి ఎంత ఖర్చయిందో తెలిసి చదవాలి.

అయితే ఈ నాలుగింటినీ పోల్చినప్పుడు తేడా యజమాని వల్ల వచ్చిందో భాష వల్ల వచ్చిందో తేల్చలేం. అందుకని దినమిన (సింహళం), దినకరన్ (తమిళం) పట్టుకోండి. రెండూ 1973లో ప్రభుత్వ ఆధీనంలోకి వెళ్లిన లేక్ హౌస్ అనే పత్రికా సంస్థవే. ఒకే సంఘటన, ఒకే తేదీ, ఒకే సంస్థ. మొదట శీర్షికలు మాత్రమే తెలుగులోకి రాసుకోండి. తర్వాత కర్త ఎవరో చూడండి: ‘సైన్యం స్వాధీనం చేసుకుంది’ అని ఉందా, ‘భూమి స్వాధీనమైంది’ అని ఉందా? చివరగా ఒక పత్రికలో ఉండి రెండోదాంట్లో లేని పేరా ఏదో గుర్తించండి. మాట మార్చడం కన్నా వదిలేయడమే ఎక్కువ చెబుతుంది.

పత్రిక చదవగలిగినంత మాత్రాన సింహళ ప్రసంగం అర్థం కాదు. రాతలో ‘మమ యమి’ (నేను వెళ్తాను), ‘ఒవుహు యతి’ (వాళ్లు వెళ్తారు) అని క్రియ కర్తను బట్టి మారుతుంది, మాటలో నేనైనా వాళ్లైనా ‘యనవా’నే. నాయకుడి మాటను పత్రిక గ్రాంథికంలోకి దిద్ది వేస్తుంది, దాంతో స్వరం మారుతుంది. వివాదాస్పద వ్యాఖ్య అయితే వీడియోలోనే వినండి.

చట్టాన్ని సరిచూసుకోవడం

గెజెట్ మూడు భాషల్లో వస్తుంది. అసాధారణ గెజెట్ సంఖ్యలో గీతకు ముందున్నది వారం క్రమసంఖ్య, తర్వాతిది ఆ వారంలో వెలువడిన వరస. మూడు ప్రతులకూ సంఖ్య ఒకటే కాబట్టి సంఖ్యతో వెతికితే మూడూ దొరుకుతాయి. ముందు ఇంగ్లీషు ప్రతితో విషయం అర్థం చేసుకుని, పేచీ ఉన్న సెక్షన్‌ను సింహళ, తమిళ ప్రతుల్లో చూడండి.

చట్టం చివరి సెక్షన్ తప్పక చదవండి. సింహళ, తమిళ పాఠాల మధ్య తేడా వస్తే సింహళ పాఠమే చెల్లుతుందని అందులో ఉంటుంది. 1987 నాటి 13వ సవరణతో తమిళం కూడా అధికార భాష అయింది, కానీ తేడా వచ్చిన రోజున కోర్టు తెరిచేది సింహళ ప్రతినే. ఇంగ్లీషు ప్రతి అనువాదం మాత్రమే, దాన్ని పట్టుకుని ‘చట్టం ఇలా అంటోంది’ అని రాయకండి. పార్లమెంటు చర్చల ప్రతిలో ఎవరు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే ఉంటుంది, అదే దాని విలువ.

పేర్లు తెలుగులో రాసేటప్పుడు

‘జయవర్ధనే’, ‘బండారునాయకే’, ‘విక్రమసింఘే’, ‘దిసనాయకే’ అని మన పత్రికలు రాయడం ఇంగ్లీషు స్పెల్లింగు చలవ. సింహళంలో అవి జయవర్ధన, బండారనాయక, విక్రమసింహ, దిసానాయక. చివరి ఏకారం అక్కడ లేదు.

ఊళ్ల పేర్లలో ఎంపిక తప్పదు. ఇంగ్లీషు జాఫ్నా సింహళంలో యాపనయ, తమిళంలో యాళ్పాణం. బట్టికలోవా మడకలపువ, మట్టక్కళప్పు. తగాదా ఉన్నచోట రెండు పేర్లూ ఇవ్వండి: సింహళంలో ‘వెలి ఓయ’, తమిళంలో ‘మణల్ ఆఱు’, రెండింటి అర్థమూ ఇసుక ఏరే. ముల్లైత్తీవు దగ్గర తమిళుల ‘కురుందూర్‌మలై’, సింహళీయుల ‘కురుంది’ కూడా అంతే. ఒక్క పేరే రాస్తే ఎవరి పక్షమో రాసినవాడికి తెలియకుండానే తేలిపోతుంది.

‘తమిళులు’ అని గంపగుత్తగా రాయకండి. 2012 జనగణనలో శ్రీలంక తమిళులు సుమారు 11 శాతం, ‘భారతీయ తమిళులు’ 4 శాతం. ఈ రెండోవారు తేయాకు తోటల వారి సంతతి, తమను ‘మలైయగ తమిళర్’ అని పిలవమంటారు. 1948 పౌరసత్వ చట్టం దెబ్బ వారి మీదే పడింది. తమిళం మాట్లాడే ముస్లింలు సుమారు 9 శాతం, వారు తమను తమిళులమని చెప్పుకోరు. 1990 అక్టోబరులో ఎల్‌టీటీఈ ఉత్తరాది నుంచి వెళ్లగొట్టింది వారినే.

సాధనకు మే 18, 19 తేదీలు తీసుకోండి. యుద్ధం 2009లో ఆ రోజుల్లోనే ముగిసింది. సింహళ పత్రికల్లో ‘రణవిరు’ (యుద్ధవీరుడు) అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో, తమిళ పత్రికల్లో చివరి పోరు జరిగిన ‘ముల్లివాయ్క్కాల్’ పక్కన ఏ విశేషణం ఉందో, చనిపోయినవారి స్మరణగా గంజి పంచినచోట పోలీసులు ఏం చేశారన్నది ఎవరు రాశారో ఎవరు వదిలేశారో రాసుకోండి. ఏటా ఆ కాగితాలను దాచి, మరుసటి మే నెలలో కొత్తవాటి పక్కన పెట్టి చూడండి.